ఇంటి కంప్యూటరుకు పెద్ద

వేంపల్లెలో ట్యూషన్ సెంటర్లు నడిపేవాళ్లందరికీ మహాదేవి తెలుసు. ప్రశ్నపత్రాలు ఇంట్లోనే కూర్చుని టైపు చేసి ఇచ్చేది. ఒత్తు పోకుండా, లెక్కల్లో గుర్తు తప్పకుండా ఆమె చేసినట్టు ఇంకెవరూ చెయ్యరని పేరు. భర్త హనుమేష్‌కు బస్టాండు దగ్గర ఎరువుల అంగడి. కంప్యూటరు కొనిపెట్టింది తనేనని ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవాడు.

ఆ ఎండాకాలం కంప్యూటరు మొరాయించడం మొదలుపెట్టింది. కొట్టిన అక్షరం తెర మీదికి రావడానికి తాత్సారం చేసేది. ఏ పనీ లేనప్పుడు కూడా లోపల ఫ్యాను హోరుమనేది. ఏ ప్రోగ్రాము దాన్ని పీడిస్తోందో చూద్దామని, లోపల నడిచేవన్నీ చూపించే టాస్క్ మేనేజర్ కోసం వెతికింది. ఉండాల్సిన చోట అది లేదు.

భర్తనడిగింది.

"పాతదైపోయిండాది. లోపల ఏముంటే నీకెందుకు? టైపు కొట్టుకో," అన్నాడు.

డిగ్రీలో తనతో చదివిన నాగలత కర్నూలులో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. ఆమెకు ఫోన్ చేసింది. నాగలత చెప్పినట్టు దాని పేరు కొట్టి తెరవబోతే, అడ్మినిస్ట్రేటర్ దీన్ని ఆపేశారని తెర మీద చిన్న పెట్టె వచ్చింది.

"వైరస్సేమోనే?" అంది మహాదేవి.

"ఏమో మరి. అడ్మినిస్ట్రేటర్ అంటే ఆ మిషనుకు పెద్ద. మీ ఇంట్లో ఎవురు?"

"మా ఆయనే," అంది మహాదేవి.

"ఆయప్ప పాస్‌వర్డు తెలుసునా?"

తెలుసు. హనుమేష్ ఎప్పుడూ ఆమె ఎదుటే కొట్టేవాడు. ఆమె చూస్తుందనిగానీ, చూసినా ఏమన్నా చేస్తుందనిగానీ అతనికి ఏనాడూ తోచలేదు. అది అతని బండి నంబరు.

అతని పేరుతో లోపలికి వెళ్లి, నాగలత ఫోన్లో చెబుతుంటే, ఆపేసిన సెట్టింగును సరిచేసింది. టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. అన్నిటికన్నా పైన, ఎన్నడూ చూడని పేరొకటి మిషను బలమంతా తాగేస్తోంది. దాని ఫోల్డరు నిండా బొమ్మలు. అన్నీ ఆమె పని చేస్తుండగా ఆమె తెరను తీసిన బొమ్మలే. నాగలతకు రాసుకున్న మాటలు, అత్త గురించి చెప్పుకున్న కష్టాలు, అన్నీ.

"ఇదంతా ఆయప్ప ఫోన్లో కూడా చూసుకోవచ్చు మే. అంగట్లో కూర్చోనే," అంది నాగలత.

ఒక బొమ్మ దగ్గర మహాదేవి చెయ్యి ఆగిపోయింది. కర్నూలులో ఒక బళ్లో టీచరు పనికి ఆమె అర్జీ పెట్టుకుంది. జవాబు రాలేదనుకుంది. వచ్చింది. ఇంటర్వ్యూకు రమ్మన్నారు. దాని కింద, ఆమె మెయిల్లోంచే, "మా ఇంట్లో ఒప్పుకోలేదు. నేను రాలేను" అని జవాబు పోయింది. అది ఆమె రాసింది కాదు. ఎవరు కూర్చున్నా బొమ్మ తీసే ఆ ప్రోగ్రాము, పెట్టినవాణ్ణి కూడా వదల్లేదు.

బడికి ఫోన్ చేసింది.

"మీరే రానంటిరి కదమ్మా. వేరే ఆమె చేరిపోయింది," అన్నారు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ అడిగేసింది. హనుమేష్ తల కూడా ఎత్తలేదు.

"నేనే పెట్టినా. ఏమైతాదిప్పుడు? కర్నూలుకు పోయి ఎవురితో తిరగాలనుకున్యావు?"

అత్త వెంకటేశ్వరమ్మ కొడుకు ముందుకు మజ్జిగ గిన్నె జరిపింది. "మొగోడు కనిపెట్టుకోకుంటే ఎట్లమ్మే," అంది. ఆమెకూ తెలుసన్నమాట.

ఎంగిలి చేత్తోనే హనుమేష్ మహాదేవి అన్న పరమేష్‌కు ఫోన్ కలిపి, అందరికీ వినబడేట్టు పెట్టాడు.

"బావా, మీ చెల్లెలు దొంగతనంగా నా పాస్‌వర్డు కొట్టి కంప్యూటర్లో దూరిండాది. ఇది మర్యాదేనా?"

"అన్నా, నా మాట విను. నాకొచ్చిన ఉద్యోగం..." అని మహాదేవి అందుకుంది.

"అవన్నీ మాకు తెలీవు మే. ఆయప్ప మనసు ఎందుకు కష్టపెడతావు? సర్దుకోరాదా," అన్నాడు పరమేష్.

హనుమేష్ మజ్జిగ పోసుకున్నాడు.

సాయంత్రానికి పాస్‌వర్డు మారింది. టాస్క్ మేనేజర్ మళ్లీ మాయమైంది. ఆమె ఫోన్లో నాగలత నంబరు లేదు.

మరుసటి రోజు పదో తరగతి సాంఘికశాస్త్రం పేపరు వచ్చింది. సగం కొట్టి ఆగింది. కొత్త పేజీ తెరిచి, "చూస్తాండావా?" అని టైపు చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఫోన్ మోగింది.

"చూస్తాండా," అన్నాడు హనుమేష్. వెనక అంగట్లో ఎవరో నవ్వుతున్నారు. "పేపరు కొట్టు."

ఆమె ఆ మాటను చెరిపేసి, ఎనిమిదో ప్రశ్న మొదలుపెట్టింది.