ఆ టకటక కర్రదా, వైరుదా?

నా చిన్నప్పుడు పటమటలో మా తాతయ్యకు ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో తరిమెన, అంటే కర్రను తిప్పే లేతు మిషను, మీద మంచం కోళ్లు, ఉయ్యాల గుంజలు, అప్పడాల కర్రలు చేసేవాడు. మోటారు కర్రను గిర్రున తిప్పుతుంటే ఉలి ఆనించి నునుపు తీసేవాడు. కొత్త దుంగ చేతికి రాగానే వేలి కణుపుతో చుట్టూ కొట్టి, చెవి దగ్గర పెట్టి, ఎక్కడైనా బొంగురుగా పలుకుతుందేమో వినేవాడు. లోపల చీలిక ఉన్న కర్ర తిరిగేటప్పుడు పగిలి ఎగిరిందంటే మనిషి తల దక్కదనేవాడు. ఆ వినడం ఎలాగో నాకు నేర్పమంటే మాత్రం, "నీకు పుస్తకాలున్నాయిగా తల్లీ" అని ఎగతాళి చేసేవాడు.

నిజమే, నాకు పుస్తకాలుండేవి. బడి వదలగానే మా పేట గ్రంథాలయంలో కూర్చునేదాన్ని. శబ్దం గాలిలో ఎలా పయనిస్తుందో, రేడియో ఎలా బాగు చేయాలో అక్కడే చదివాను. సగం అర్థమైనా, పూర్తిగా అర్థమైనట్టే అందరికీ చెప్పేదాన్ని.

పక్కింటి అక్క పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివేది. తెరిస్తే పాట పాడే పుట్టినరోజు కార్డులు వచ్చేవి కదా, వాటిలోని, అదురును పట్టి చప్పుడుగా మార్చే పల్చని ఇత్తడి బిళ్లను ఊడదీసి, గవర్నర్‌పేటలో కొన్న వైరు అతికించి, ఒక రోజు తరిమెనకు అంటించింది. వైరు రెండో కొస ఆంప్లిఫయరుకు పెట్టింది. తాతయ్య ఉలి ఆనించగానే షెడ్డంతా గుయ్యిమంది. ఒకసారి తుమ్మెదలా, ఒకసారి రైలు వంతెన దాటుతున్నట్టు. అక్క ఏవో మరలు తిప్పితే అదే మోత నాలుగింతలై ప్రతిధ్వనించింది. తాతయ్య ఉలి తీసేసి, "ఇన్నాళ్లూ ఇది నాకొక్కడికే వినపడేది" అన్నాడు. అది సంగీతమో కాదో నాకు అర్థం కాలేదు. ఏ పుస్తకంలోనూ లేదు.

అక్క దాన్ని కచేరీగా చేయాలనుకుంది. వాళ్ల నాన్నగారికి ఇష్టం లేదు. గ్రంథాలయ వారోత్సవాల్లో పదిహేను నిమిషాలు ఇస్తామన్నారని బతిమాలితే, "ఒక్కసారి వింటాను. నలుగురూ నవ్వారో, ఆ డబ్బాలన్నీ అటకెక్కుతాయి" అన్నారు. అక్కకు ఆ పదిహేను నిమిషాలే దిక్కు.

వారోత్సవాల సాయంత్రం షెడ్డులోని చిన్న తరిమెనను రిక్షాలో గ్రంథాలయం హాలుకు చేర్చాం. ముందు జంపఖానా మీద పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు. శబ్దం గురించి నేను మైకులో గొప్పగా రెండు ముక్కలు చెప్పి దిగాను. తాతయ్య తుమ్మ కర్ర ఎక్కించి మొదలుపెట్టాడు. మోత హాలును నింపింది. వెనక ఎవరో "పాటెప్పుడండీ?" అన్నా, మెల్లగా అందరూ సర్దుకుని వినసాగారు. అక్క నాన్నగారు కూడా చేతులు కట్టుకుని వింటున్నారు.

అప్పుడు వచ్చింది. మోత మధ్యలో టక్. మళ్లీ టకటక. పిల్లలు తాళమనుకుని చప్పట్లు కొట్టారు. అక్క వైరు పట్టుకుని కదిలించింది. నేను ఆగలేక, "లూజు కనెక్షన్ తాతయ్యా! పుస్తకంలో చదివాను!" అని అరిచాను. తాతయ్య చీలికేమోనని కర్ర వైపు చెవి వంచాడు. కానీ చప్పుడు కర్రలోంచి రావడం లేదు, హాలు రెండు మూలల్లో అక్క పెట్టిన స్పీకరు డబ్బాల్లోంచి వస్తోంది. కర్ర అసలు గొంతు దానికింద మునిగిపోయింది. ఆయన స్విచ్చి కట్టేశాడు.

"ఆపకండి తాతగారూ, వైరేనండీ, ఒక్క నిమిషం" అని అక్క బతిమాలింది.

"ఏవయ్యా, మంచం కోడు మధ్యలోనే ఆపేశావ్, ఎక్కడ పడుకోవాలి మేము?" అని ఎవరో అంటే హాలంతా నవ్వింది. తాతయ్య మైకు దగ్గరికి వచ్చాడు. "ఇది కర్రదో వైరుదో నాకు తెలియడం లేదండి. ముందు పిల్లలున్నారు. తెలిసేదాకా తిప్పను."

నలభై ఏళ్లుగా కర్ర పట్టిన మనిషి పేట మొత్తం ముందు తెలియదన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన ఏమీ పట్టనట్టు వెళ్లి, ఆగిన కర్రను వేలి కణుపుతో కొట్టడం మొదలుపెట్టాడు. బిళ్ల ఇంకా తరిమెనకే ఉంది. ఒక్కో దెబ్బా హాలంతా మోగింది. అక్క మెల్లగా ప్రతిధ్వని తగ్గించింది. నవ్వినవాళ్లే మెడలు చాచి వింటున్నారు. ఉన్నట్టుండి అక్క నాన్నగారు, "ఆ నాలుగోది కాస్త బొంగురుగా లేదూ?" అన్నారు. పక్కాయన లేదన్నాడు. ఇద్దరికీ వాదన మొదలైంది. అంతలో సమయం అయిపోయిందని గ్రంథాలయం సారు వందన సమర్పణ మొదలుపెట్టేశారు.

అక్క దారంతా ఏడ్చింది. ఆంప్లిఫయరును వాళ్ల నాన్నగారే మోసుకొచ్చారు, మెచ్చుకునో, దాచెయ్యడానికో ఆయన మొహం చూస్తే తెలియలేదు. మర్నాడు తాతయ్య ఆ కర్రను నిలువునా చీల్చి చూశాడు. కంటికి ఏ పగులూ కనపడలేదు. అక్క వైరు అంగుళం అంగుళం పరీక్షించింది. దానిలోనూ ఏ లోపమూ లేదు.

"మరి ఊరికే ఎందుకు ఆపావు తాతయ్యా?" అన్నాను ఉక్రోషంగా.

"ఊరికేనని ఇవాళ తెలిసింది. నిన్న తెలియదుగా" అన్నాడు, ఇంకో దుంగ అందుకుంటూ.

ఆ జవాబుతో నా అయోమయం పెరిగిందే గానీ తగ్గలేదు. తరువాతి ఆదివారం అక్క మళ్లీ డబ్బాలతో షెడ్డుకు వచ్చింది. ఈసారి తనకు మోత వద్దట, దెబ్బలే కావాలట. వెనకే వాళ్ల నాన్నగారు, బొంగురు సంగతి తేల్చుకోవడానికని కుర్చీ తెచ్చుకుని మరీ కూర్చున్నారు.

ఆ టకటక దేనిదో ఈనాటికీ తేలలేదు. తాతయ్య అక్క కచేరీని అనవసరంగా చెడగొట్టాడో, ఒక పసివాడి తల కాపాడాడో నేను చెప్పలేను. ఇప్పుడు నలుగురిలో ఎవరైనా నన్ను ఏదైనా అడిగి, ఎక్కడో సగం చదివిన ముక్క నోటిదాకా వచ్చినప్పుడు, దాన్ని ఆపి, "నాకు తెలియదండి" అంటాను. చాలా ఏళ్లుగా అంటూనే ఉన్నాను. అన్న ప్రతిసారీ ఇంకా సిగ్గుగానే ఉంటుంది.