పేలని తుపాకీ బరువు

మా అర్బాబ్ దుప్పట్లో తుపాకీ చుట్టి, కారు డిక్కీలో పెట్టుకుని రుసైల్‌లోని మా వడ్రంగి షెడ్డుకు తెచ్చిన రోజు, నా రూమ్మేటు రంపం ఆపి రెండడుగులు వెనక్కి జరిగాడు.

"అన్నా, ముట్టకు. వేలిముద్ర వడ్డదంటె డైరెక్టు జైలే," అన్నాడు. జగిత్యాల దగ్గరి మనిషి. అన్నం కంటే భయం ఎక్కువ తింటాడు.

"పని కట్టెది రా. ఇనుముతోని మనకేంది?" అన్నాను.

నిజానికీ అంతే. భుజానికి ఆనించే చెక్క పిడి పగిలింది, అతకాలి. అర్బాబ్ అంటే షెడ్డు యజమాని, మా వీసాలకు ఆయనే దిక్కు. డెబ్బైకి దగ్గరపడ్డాడు. తుపాకీ వాళ్ల తాతది. ఈ అరబ్బు దేశంలో పెళ్లిళ్లప్పుడు డప్పుల మధ్య మగవాళ్లు తుపాకీని గాల్లోకి గిరగిరా తిరిగేలా విసిరి, కింద పడకుండా పట్టుకుంటారు. బౌషర్ చుట్టుపక్కల ఆయనంత ఎత్తుకు విసిరేవాడు లేడని పేరు. ఆ పేరు ముందు ఆయనకు షెడ్డు కూడా లెక్కలోది కాదు.

నా సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి తప్పాక మా మండలం శాఖా గ్రంథాలయంలో తలుపు దగ్గరి బీరువా నుంచి కిటికీ దగ్గరి బీరువా దాకా వరసబెట్టి చదివినవాణ్ని. కోళ్ల పెంపకం పక్కనే తుపాకుల మీద ఒక పుస్తకం ఉండేది. రెండూ చదివాను. కాబట్టి పిడి వెనక ఇనుప పలక విప్పగానే నాకు తేడా తెలిసింది. చెక్క లోపల గ్లాసెడు నీళ్లు పట్టేంత డొల్ల. అనుమానమొచ్చి తూటా ఎక్కించే బోల్టు లాగి చూశాను. తూటాను కొట్టాల్సిన ములుకు లేదు, స్ప్రింగూ లేదు.

అర్బాబ్ నా ముఖం చూశాడు. ఆయన హిందీ, నా అరబ్బీ కలిపితే ఒక మనిషి మాట్లాడేంత భాష అవుతుంది. "మా నాన్న చేశాడు. ఆయన కూడా చాలా ఎత్తుకు విసిరేవాడు," అని, పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

పిడి అతికి ఇచ్చిన వారానికే ఫోన్లలో ఒక చట్టం ముసాయిదా తిరగడం మొదలైంది. ఎవరు రాశారో, నిజమో కాదో తెలియదు. పాత తుపాకులన్నీ పోలీసులకు అప్పగించాలట. పేలనివాటిని మాత్రం పరీక్ష చేయించి, కాగితం తీసుకుని ఇంట్లో ఉంచుకోవచ్చట.

ఆ రోజుల్లోనే అర్బాబ్ ఇంట్లో మగవాళ్లు కూర్చునే ముందుగదిలో అల్మరా తలుపు సరిచేయడానికి వెళ్లాను. ముసలివాళ్లంతా అర్బాబ్ తుపాకీ పక్కనే తమవీ గోడకు ఆనించి, కాఫీ, ఖర్జూరాల చుట్టూ చేరారు. పొరుగింటాయన ఫోను చదువుతుంటే మిగతావాళ్లు తిట్టారు. వాళ్ల అరబ్బీ నాకు సగం అర్థమైంది, మిగతా సగం చేతులు చెప్పాయి.

"దొంగ దగ్గరుంటే పట్టుకోండి. మా తాతది ఎవరినేం చేసింది?" అన్నాడొక ముసలాయన.

"రేపు నా మనవడి పెళ్లిలో ఏం విసరాలి? గొడుగా?" అన్నాడు పొరుగాయన.

మా ఊళ్లో లైసెన్సు తుపాకీ ఉన్న ఒకాయన ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్లో అప్పగించి, పంచె ఊడిపోయినవాడిలా తిరిగేవాడు. ఇక్కడా అవే ముఖాలు.

అర్బాబ్ మాత్రం నిండిన కప్పుల్లోనే మళ్లీ కాఫీ వంచుతున్నాడు. తుపాకీ దక్కాలంటే అది పేలదని చెప్పాలి. చెబితే, లోపల ఏముందని విప్పి చూస్తారు. అందరూ ఆయన్ను జాలిగా చూస్తుంటే ఆ చూపులు తప్పించుకోవడానికి నా వైపు తిరిగాడు. "వడ్రంగీ, నువ్వు పుస్తకాలు చదివినవాడివి. దారేమైనా ఉందా?"

అడిగితే చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు. స్క్రూడ్రైవర్ పట్టుకునే నిలబడి, "మీకేం భయం లేదు అర్బాబ్. మీదాంట్లో ములుకే లేదు కదా. పైగా పిడంతా డొల్ల," అన్నాను, హిందీలో. ఆ గదిలో అందరికీ హిందీ వస్తుంది.

పొరుగాయన లేచి, ఒక చేత్తో తన తుపాకీ, ఇంకో చేత్తో అర్బాబ్‌ది పట్టుకుని పైకీ కిందికీ ఆడించాడు. "ముప్పై ఏళ్లు! ముప్పై ఏళ్లుగా నువ్వు విసిరింది చీపురా?"

గది గదంతా నవ్వింది. నేను అప్పటికే బిగించిన స్క్రూను మళ్లీ బిగించాను.

"నోరు మూస్కునే పుస్తకం లేదా అన్నా మీ లైబ్రరీల?" అన్నాడు రూములో నా రూమ్మేటు.

"ఉండె. ఎవలో తీస్కపోయి మల్ల ఇయ్యలే."

"ఇగ వీసా క్యాన్సిల్. పెట్టె సదురుకో."

వీసా పోలేదు. ముసాయిదా కూడా వచ్చినట్టే ఫోన్లలోంచి మాయమైంది. కానీ పొరుగాయన తన చట్టం తాను చేశాడు. మనవడి పెళ్లిలో ఇద్దరూ తుపాకులు మార్చుకుని విసరాలి.

ఆ పెళ్లికి వేదిక చెక్కలు కొట్టింది మేమే. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక డప్పులు మొదలయ్యాయి. అర్బాబ్ బరువు తుపాకీ విసిరాడు. తల మీదికి నిలువెత్తు కూడా లేవలేదు. రెండు చేతులతో గుండెకు అదుముకుని పట్టుకున్నాడు, తూలాడు, నిలబడ్డాడు. అందరూ మెచ్చుకోలుగా అరిచారు.

పొరుగాయన చెయ్యి ముప్పై ఏళ్లుగా బరువుకు అలవాటుపడ్డ చెయ్యి. అదే బలంతో విసిరాడు. తుపాకీ షామియానా దాటిపోయింది. అందరం పైకి చూశాం. అది ఆయన వెనక నేల మీద పడ్డాక కూడా ఆయన పైకే చూస్తున్నాడు.

మర్నాడు షెడ్డుకు దుప్పటి మూట మళ్లీ వచ్చింది. లోపల తుపాకీ పిడి దగ్గర రెండు ముక్కలై ఉంది. ఈసారి ఇద్దరూ వచ్చారు. పొరుగాయన తన తుపాకీతో పాటు, చేపల వలలకు కట్టే సీసం గుళ్లు ఒక సంచీ నిండా తెచ్చాడు.

"ఆ డొల్లలో ఇవి నింపి అతుకు. నాదానికంటే ఒక్క గ్రాము తగ్గినా ఊరుకోను."

"ఒక్క గ్రాము ఎక్కువైతే నేను ఊరుకోను," అన్నాడు అర్బాబ్.

నా రూమ్మేటు పక్క షెడ్డు నుంచి తూకం మోసుకొచ్చాడు. విరిగిన ముక్కలు రెండూ తనే ఎత్తి దాని మీద పెట్టాడు.

"వేలిముద్ర రా," అన్నాను.

"నువ్వు మాట్లాడకన్నా," అన్నాడు అంకెలు చూస్తూ.