స్కేట్ల కింద నిమ్మకాయలు

చక్రమున్న వస్తువు ఏది ఇంటికొచ్చినా దాని కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించకపోతే మా ఆయనకు నిద్ర పట్టదు. స్టుట్‌గార్ట్‌లో కొన్న మొదటి కారుకి, సైకిలుకి, చివరికి పిల్లాణ్ణి తోసుకెళ్ళే బండికి కూడా ఇదే తంతు. నేనెన్నడూ అడ్డు చెప్పలేదు. ఆ ఒక్కరోజు చెప్పాను. వింటేగా మహానుభావుడు.

మావాడు రెండో తరగతిలో బడివాళ్ళతో ఐస్ మీద జారడానికి వెళ్ళి, ఇంటికొచ్చి ఐస్ హాకీ ఆడతానన్నాడు. అప్పటినుంచి బడి చదువు చివర్లో రాసే అబిటూర్ పరీక్షల దాకా తెల్లారకముందే లేచి వాణ్ణి ప్రాక్టీసుకు దింపింది నేను. ఆ కంపు కొట్టే బట్టలు బాల్కనీలో ఆరేసి, కింది ఇంటావిడ చేత మాటలు పడింది నేను. వాడు ఆడేది డిఫెన్స్. అవతలివాళ్ళను గోల్ కొట్టనివ్వకపోవడమే వాడి పని. ఫోన్ చేసిన ప్రతి చుట్టమూ "ఎన్ని గోల్స్ కొట్టాడమ్మా?" అనడమే. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

అలాంటివాణ్ణి ఎట్టకేలకు ఒక ప్రొఫెషనల్ జట్టు పిలిచింది. ఒక్క ప్రాక్టీసు మ్యాచ్ ఆడించి చూస్తారు. నచ్చితే కాంట్రాక్టు, లేదంటే ఇంతే సంగతులు. ఆ ఉదయం బయలుదేరబోతుంటే మా ఆయన గుమ్మం ముందు రాతిమెట్టు మీద రెండు నిమ్మకాయలు పెట్టాడు.

"స్కేట్లకు చక్రాలెక్కడున్నాయండీ?" అన్నాను.

"నడుస్తయి గదా. బిడ్డా, అవి తొడుక్కొని ఒక్కసారి తొక్కు. బ్లేడ్ల మీది ఆ ప్లాస్టిక్ తొడుగులు తీసెయ్, వాటితోని తొక్కితే ఏం ఫలం?"

"నైన్, వద్దు డాడీ. నిన్ననే సాన పట్టించిన. పదును పోతది."

"ఏం గాదు, ఒక్క నిమిషం."

తండ్రి మొహం చూసి వాడు కాదనలేకపోయాడు. నిమ్మకాయలు చితికాయి, బ్లేడ్లు రాతికి గీసుకుని కర్రుమన్నాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ సాన పట్టించడానికి టైము లేదు.

మ్యాచ్‌లో మలుపు తిరిగిన ప్రతిసారీ వాడి కాలు పట్టు దొరక్క జారింది. అవతలి కుర్రాడొకడు వాణ్ణి దాటుకుని వెళ్ళి గోల్ కొట్టాడు. నేను మా ఆయన వైపు చూడలేదు, చూస్తే ఏమంటానో నాకే తెలియదు. చివర్లో ఆ కుర్రాడే మళ్ళీ దూసుకొచ్చాడు. ఆ బ్లేడ్లతో వాణ్ణి వెంబడించలేనని తెలిసి, మావాడు ఆ కుర్రాడి కర్రకు ఎదురుగా ఐస్ మీద అడ్డంగా పడుకున్నాడు. పక్, అదే ఆ గట్టి రబ్బరు బిళ్ళ, వచ్చి పక్కటెముకలకు తగిలిన చప్పుడు నా దాకా వినిపించింది. గోల్ కాలేదు.

తర్వాత కోచ్ స్కేట్లు తిప్పి చూసి, వీటితోనే ఆడావా అని అడిగాడట. కాంట్రాక్టు ఇస్తానన్నాడట. పక్కటెముకలు పట్టుకుని వాడు చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన నా భుజం తట్టి, "చూసినవా, నిమ్మకాయల మహిమ" అన్నాడు. ఏమనాలి ఈ మనిషిని?

ఇప్పుడు ప్రతి సీజన్ మొదట్లోనూ రాతిమెట్టు మీద నిమ్మకాయలు సిద్ధం. మావాడు కిక్కురుమనకుండా తొక్కుతాడు. తొక్కేది కాళ్ళకు ఎప్పుడో బిగుతైపోయిన పాత జతతో. అసలువి కారులో ఉంటాయి. డాడీకి చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు.