మౌనంగా తాగిన టీ

న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా చర్చి స్త్రీల కూడిక గురువారం మధ్యాహ్నం జరుగుతుంది. పాటలు, ప్రార్థన, వాక్యం అయ్యాక టీ, మరమరాలు. వాక్యం చెప్పడం నా వంతు. బైబిలు ట్రైనింగు చేసినదాన్ని కదా, దేవుడే ఆ భారం నా మీద పెట్టాడని నా గట్టి నమ్మకం. ఆయన్ని ఎవరూ అడిగి చూడలేదు.

చర్చి బీరువాలో అట్టలూడిన పాత ఇంగ్లీషు ప్రసంగాల పుస్తకం ఒకటి దొరికింది. వారానికో పేరా చదివి తెలుగులో వివరించేదాన్ని. ఒకసారి, విశ్వాసురాలు తన కాన్వర్సేషన్‌ను జాగ్రత్తగా కాపాడుకోవాలని వచ్చింది. ఇంత తేలిక మాటకు నిఘంటువు దేనికి? మాటల వల్ల వచ్చే పాపాల గురించి అరగంట మాట్లాడాను. ఆ వేడిలోనే, ఇకమీదట టీ కూడా మౌనంగా తాగుదామన్నాను. అందరూ ఆమెన్ అన్నారు.

ఇంట్లో చెబితే మా ఆయన, "ఆ రూలు మనింట్లో కూడా పెడతావేటి?" అని ఆశగా అడిగారు.

ఎవరూ మాట్లాడకపోతే మరమరాలు నమిలే చప్పుడు ఎంత పెద్దదో ఆ తర్వాతి గురువారమే తెలిసింది. ఆ పై వారం నుంచి ఒక పెద్దమ్మ రావడం మానేసింది. భర్త పోయాక ఆవిడ ఖరిదా పేటలో ఒంటరిగా ఉంటోంది. సహవాసం మానకూడదని బుద్ధి చెప్పడానికి బైబిలు చంకన పెట్టుకుని వెళ్లాను.

"జ్వరమా పెద్దమ్మా?"

"జొరం లేదు, ఏటీ లేదు. దేవుడితోటి ఇంటికాడే మాటాడుకుంటన్నాను. అక్కడికి వచ్చేది మీతోటి మాటాడ్డానికి. అది వద్దన్నావు కదే!"

"నేనన్నానా? వాక్యమే అంది" అంటూ, ఆ పుస్తకం సూచించిన వచనాన్ని తెలుగు బైబిల్లో తీసి బిగ్గరగా మొదలుపెట్టాను. కాన్వర్సేషన్ ఉండాల్సిన చోట "ప్రవర్తన" అని ఉంది. ఆ కాలపు ఇంగ్లీషులో ఆ మాటకు నడవడి అని అర్థమన్నమాట. అది సండే స్కూల్లో కంఠస్థం చెప్పి నేను బహుమతి తెచ్చుకున్న వచనమే.

"ఆగిపోనావేటి?"

"మాట్లాడొద్దని కాదంట పెద్దమ్మా. మంచిగా ఉండమనంట."

"ఓస్, ఇంతేనా! ఠీక్ హై. ఇన్నాళ్ల కబుర్లన్నీ నాకాడే మిగిలిపోనాయి, కూకో."

కూర్చున్నాను. వీధి దీపాలు వెలిగేదాకా నాకు నోరు తెరిచే సందు దొరకలేదు.

ఆ తర్వాతి గురువారం నా తప్పు అందరి ముందూ చెప్పాను. ఈసారి ఆమెన్ మరీ గట్టిగా వచ్చింది. ముగింపు ప్రార్థనకు నేనింకా కళ్లు మూయనేలేదు, పెద్దమ్మ అప్పటికే పక్కావిడ చెవిలో కబురు మొదలుపెట్టేసింది.