మైకు తమ్ముడి సాక్ష్యం

మైకు తమ్ముడంటే మందిరంలో తెలియనివాళ్లు లేరు. మిగతా రోజుల్లో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకునే మనిషి, ఆదివారం మాత్రం వెనక మూల సౌండు పెట్టె దగ్గర మహారాజు. పాస్టరుగారి గొంతు పగిలిన కుండ. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి సింహగర్జన చేసి, వీధి చివర కుక్కలు కూడా మారుమనసు పొందేలా వినిపించేది ఈ తమ్ముడే. బతుకులో అతనికి రెండే ఇష్టాలు. ఒకటి ఆ పెట్టె. రెండోది ఇంట్లో తనతోపాటు ఉంటున్న దర్జీ. అద్దె పంచుకునే స్నేహితుడని లోకానికి చెప్పేవాడు.

దేవుడి దగ్గర దాపరికం ఎందుకని ఒకరోజు పాస్టరమ్మ ముందు మనసు విప్పేశాడు.

"అక్కా, అతను ఉత్త స్నేహితుడు కాదు. నా మనిషి."

"దేవుడికి తప్ప ఎవరికీ చెప్పను నాయనా" అందావిడ.

మాట తప్పలేదు. దేవుడికే చెప్పింది. కాకపోతే స్త్రీల ప్రార్థనలో, కళ్లు మూసుకుని, గొంతెత్తి చెప్పింది. చుట్టూ మోకరించినవాళ్లు కళ్లు మూశారు గాని చెవులు మూయలేదు. ఆమేన్ అనేలోపు సగం ఊరికి, చెప్పులేసుకునేలోపు మిగతా సగానికి పాకింది.

ఇక ప్రేమ వరదలై పారింది. తలుపు తీస్తే చాలు, ఎవరో ఒకరు ప్రార్థన నూనె సీసాతో నిలబడేవారు. ఒకావిడ మేనకోడలి ఫోటో తెచ్చి, "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి బాబూ, మా ఆయన తాగుడు మానలేదూ?" అంది. ఆయన మానలేదు. ఇంత ప్రేమించినవాళ్లూ మందిరంలో అతని పక్క కుర్చీలో మాత్రం కూర్చోరు.

పాస్టరుగారు పిలిపించారు. "నిన్ను వెలివేసే సంఘం కాదు తమ్ముడూ మాది. కానీ మైకు పవిత్రమైన సేవ. అతన్ని పంపించెయ్, లేదంటే పెట్టె వదిలెయ్."

ఇంట్లో దర్జీ కత్తెర పక్కన పెట్టి అంతా విన్నాడు.

"నీకేం కావాలి?"

"రెండూ."

"ఆ బేరం వాళ్ల దగ్గర లేదుగా."

"కొన్నాళ్లు వేరుగా ఉందాం. అంతా చల్లారాక..."

"నేనేమన్నా పాలగిన్నెనా, దించి మళ్లీ పొయ్యెక్కించడానికి?"

కుట్టుమిషను బండికెత్తించుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఆదివారం తమ్ముడు అందరికంటే ముందే మందిరానికి వెళ్లాడు. సౌండు పెట్టె దగ్గర సంఘపెద్ద అల్లుడు కూర్చుని ఉన్నాడు.

"ఇదేంటండీ? పంపించేశానుగా."

పాస్టరుగారు భుజమ్మీద చెయ్యేసి మురిసిపోయారు. "అందుకే కదా. విడుదల పొందినవాడివి, ఇంకా మూల కూర్చుంటావేంటి? వేదికెక్కి, దేవుడు నిన్నెలా మార్చాడో సాక్ష్యం చెప్పు. ఊరూరా తిప్పుతాను నిన్ను."

చెయ్యి పట్టి ఎక్కించారు. మైకు వెనక ఇన్నేళ్లు బతికినవాడు మైకు ముందు నిలబడటం అదే మొదలు. ఎదురుగా తన పెట్టె. అల్లుడు ఏది తిప్పాలో తెలియక దిక్కులు చూస్తున్నాడు. తమ్ముడు నోరు తెరిచాడు. ఇంట్లో కుట్టుమిషను ఉన్నచోట నేలమీద మిగిలిన దాని కాళ్ల గుర్తులు కళ్లలో మెదిలాయి. మాటకు బదులు కన్నీళ్లు ధారలు కట్టాయి.

"పరిశుద్ధాత్మ దిగింది" అన్నారు పాస్టరుగారు.

కప్పు లేచిపోయేలా చప్పట్లు కొట్టారు జనం.