తెలుగులో రాస్తే ఎవరు చదువుతారు

ఇది చదివాక మీరు నన్ను ఏమైనా అనండి. మా ఆవిడ ముందే అనేసింది కాబట్టి కొత్తగా తగిలేదేమీ లేదు. మీ ఫోన్‌లో రాసుకున్న ముచ్చట మీ ఫోన్‌లోనే ఉంటుందని మీరు నమ్ముతున్నారా? నేనూ నమ్మాను. నమ్మి, నా ఇంటి గుట్టును గోడకు బిగించిన టీవీలో వేసి చూపించాను. అక్కడితో ఆగినా బాగుండేది.

సూరత్ రింగ్ రోడ్‌లోని ఒక చీరల దుకాణంలో నేను సేల్స్‌మన్‌ని. మా సేఠ్ గుజరాతీ మనిషి. నన్ను పనిలో పెట్టుకున్నది నా అందం చూసి కాదు, జగిత్యాల, కోరుట్ల వైపు నుంచి చీరలు కొనడానికి వచ్చే దుకాణందార్లతో తెలుగు మాట్లాడతానని. ఆ గిరాకీలందరితో నా ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టి, కొత్త డిజైన్ల ఫొటోలు అందులో వేసేవాణ్ణి. ఆ చాటింగ్‌నే దుకాణం కంప్యూటర్‌కు కలిపి, గోడ మీది పెద్ద టీవీలో చూపిస్తూ బేరం చేసేవాణ్ణి. గిరాకీలు తెల్ల పరుపుల మీద కూర్చుని చాయ్ తాగుతూ చూసేవాళ్ళు. ఇంత తెలివి ఈ మార్కెట్‌లో ఇంకెవరికీ లేదని నాకు గట్టి నమ్మకం.

మా ఆవిడ రజిత. అదే ఊళ్ళో అల్థాన్ అనే పేటలో మేముండే గదిలో కూర్చుని చీరలకు రాళ్ళు అంటిస్తుంది. ఈ ముచ్చటకు ముందే ఒకసారి మాకు కడుపు పోయింది. రెండో నెలలోనే సంబరపడి చుట్టాలందరికీ ఫోన్లు చేశాం. పోయాక ఆ ఫోన్లన్నీ తిరిగి వచ్చాయి. అడిగిన ప్రతివాళ్ళకీ మొదటి నుంచి చెప్పి, వాళ్ళు ఏడిస్తే రజితే ఓదార్చింది. అందుకే ఈసారి నెల తప్పాక, పరీక్షకు పోయే ముందే షరతు పెట్టింది. ఐదో నెల వచ్చేదాకా ఎవరికీ తెలియకూడదు, ఇరువైపుల అమ్మలకు కూడా.

“దుకాణం కంప్యూటర్ల నీ చాటింగ్ తీసేసినవా?” అని అడిగింది. సూరత్‌లోనే పెరిగిన మనిషి, ఇలాంటివి నాకన్నా బాగా తెలుసు.

“ఉంటే ఏంది? తెలుగుల రాయి. ఈడ తెలుగు ఎవలు చదువుతరు?” అన్నాను.

అయ్యా, అమ్మా, మీకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. సూరత్‌లో తెలుగు చదవలేనివాళ్ళు లక్షల మంది ఉన్నారు, నిజమే. కానీ వాళ్ళలో ఒక్కరూ నా టీవీ ముందుకు రారు. నా ముందు కూర్చునేదే తెలుగువాళ్ళు.

మర్నాడు కోరుట్ల నుంచి ఒక దుకాణందారు అక్క, ఆమె భర్త వచ్చారు. టీవీలో గ్రూపు తెరిచి జార్జెట్ చీరలు చూపిస్తున్నాను. పక్క వరసలో రజిత పేరు పైకి వచ్చింది. దాని కింద: రిపోర్ట్ వచ్చింది, రెండో నెల, ఎవలకు చెప్పకు.

అక్క చదివి తల దించుకుంది. ఆమె భర్త కళ్ళజోడు సర్దుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివాడు. ‘ఎవలకు చెప్పకు’ అన్నది మరీ గట్టిగా చదివాడు. ఏం రాసి ఉందని సేఠ్ అడిగితే, పెద్దమనిషి హిందీలోకి కూడా మార్చి చెప్పాడు. సేఠ్ సంతోషం పట్టలేక దూద్‌పేడాలు తెప్పిస్తానని లేచాడు. నేను రెండు చేతులూ పట్టుకుని కూర్చోబెట్టాను.

అక్కను పక్కకు పిలిచి, పాత సంగతి చెప్పి, ఊళ్ళో ఎక్కడా అనొద్దని బతిమాలాను.

“నాకు గూడ గట్లనే పోయింది తమ్మీ,” అంది ఆమె మెల్లగా. “నేను చెప్తనా? మా ఆయన నోరు గూడ నేను మూయిస్త. నువ్వు రంధి పెట్టుకోకు.”

ఆమె మాట నిలబెట్టుకుంది. ఈ కథలో గుట్టు దాచినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళిద్దరే.

మనసు కుదుటపడి, రజితకు జవాబు రాయడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ‘రజితా, తప్పయింది. నీకు రెండో నెల అన్న ముచ్చట ఇక్కడ ముగ్గురికి తెలిసింది. ఇంకెవలకు తెల్వదు, తెల్వనియ్య, ఒట్టు’ అని రాసి పంపాను. పంపాక చూస్తే, నా ఒట్టు జార్జెట్ చీరల కింద ఉంది. తెరిచి ఉన్నది రజిత చాటింగ్ కాదు, గిరాకీల గ్రూపు.

గబగబా చెరిపేశాను. చెరిపేసిన తీరు కూడా వినండి. అందరికీ పోయేలా చెరపాల్సింది, నా ఒక్కడికే పోయేలా చెరిపాను. జగిత్యాల జిల్లా అంతా ఆ మాట చదువుతోంది, చదవలేనివాణ్ణి నేనొక్కణ్ణే. మొదటి దీవెన మెట్‌పల్లిలో చీరలమ్మే రజిత మేనమామ నుంచి వచ్చింది.

నేను ఇల్లు చేరేసరికి మా అత్త ఫోన్ చేసి ఏడ్చి, నవ్వి, పెట్టేసింది కూడా. రజిత తల ఎత్తలేదు. ఒక్కో రాయీ అంటిస్తూనే ఉంది.

“రేపు ఏమన్న అయితే అందరికి నువ్వే చెప్పాలె,” అంది చివరికి. “నా నోటితోని నేను చెప్ప. నాతోని కాదు.”

ఆ రోజే కంప్యూటర్ నుంచి నా చాటింగ్ తెంపేశాను. కానీ తెలిసిన మాటను తెంపే బటన్ ఎక్కడా లేదు. గిరాకీలు చీరల రేటు అడిగే ముందు రజిత ఎలా ఉందని అడిగేవాళ్ళు. ప్రతిసారీ బాగుందని రాసేవాణ్ణి. రాసి, నిజంగా బాగుందా అని ఇంటికి ఫోన్ చేసేవాణ్ణి. ఫోన్ మోగితే చాలు భయం. అంత భయం నేను ఎన్నడూ పడలేదు, అది నా చేతులతో నేను తెచ్చుకున్నదే.

పాప పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఆసుపత్రి మంచం మీద నుంచి రజిత అంది:

“ఇగ చెప్పు గ్రూపుల. ఫొటో మాత్రం పెట్టకు.”

నేను ‘పాప పుట్టింది’ అని రాశాను. పైన పేరు చూశాను, మళ్ళీ చూశాను, కళ్ళు తుడుచుకుని ఇంకోసారి చూసి నొక్కాను. మోగింది గిరాకీల ఫోన్లు కాదు, రజిత దిండు కింది ఫోన్. తీసి చదివింది. చాలా నెలల తరవాత, కుట్లు నొప్పి పెడుతున్నా ఆపుకోలేక నవ్వింది.

“ఈసారి సరైన మనిషికే పంపినవ్,” అంది. “ముందుగాల నాకు తెల్వాలె గద.”

కాబట్టి, నా కూతురి మీద ఒట్టు వేసి చెబుతున్నాను. ఇకమీదట ఇంటి మాట ఇంట్లోనే, ఎదురుగా కూర్చుని, నోటితోనే చెబుతాను. అదీ టీవీ ఆపేసి.