హోబర్ట్ కాపాడిన ద్రాక్షారసం

హోబర్ట్ సైజ్‌మోర్ గురించి మంచి మాటలు చెప్పడానికి మా రాకూన్ వాగు పొడవునా మనుషులున్నారు. వాళ్ళందరిలో ఆ హక్కు తక్కువగా ఉన్నవాణ్ణి నేను. అయినా నేనే చెప్పాలి. అతని బతుకులో అన్నిటికంటే కష్టమైన ఏడాదిని అతని నెత్తిన పెట్టింది నేనే.

మా కెంటకీ కొండల్లో బొగ్గు గనిలో దిగని మగవాడు లేడు, గని బయటికొచ్చి తాగనివాడు అరుదు. హోబర్ట్ తాగుడు మాత్రం నలుగురి తాగుడు కాదు. రోడ్డు పక్క గోతిలో పడుకునేవాడు, తెల్లారి లేచి ఆ గోతినే తిట్టేవాడు. ఒక చలికాలం తాగిన మైకంలో సొంత కుక్కను దొంగ అనుకుని కాల్చేశాడు. దాన్ని పాతిపెట్టి, ఆ మట్టి చేతులతోనే మా చర్చికి వచ్చి, బెంచీ మీద తల వాల్చి ఏడ్చాడు. వాగు మీద మంచు పగలగొట్టి బాప్తిస్మం ఇచ్చాం. నేను చెప్పబోయే సంగతి నాటికి పదకొండేళ్ళుగా చుక్క ముట్టలేదు.

నేను తాగను. నా కడుపుకు పడదు, మంట పుడుతుంది. ఆ మంటనే చాలా ఏళ్ళు భక్తి అనుకున్నాను.

మా సంఘం పనులు చూసే డీకన్, ముసలి ఆస్బెర్రీ, పోయినప్పుడు ఆ స్థానం నాదేనని నేనూ, మా ఆవిడా అనుకున్నాం. పంతొమ్మిదేళ్ళుగా ముందు బెంచీలో కూర్చుంటున్నాను మరి. సంఘం హోబర్ట్‌ను ఎన్నుకుంది. నేను అందరికంటే ముందు లేచి అతని చెయ్యి పట్టుకుని ఊపాను. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయాను.

రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల మాకు ఏడాదికి ఒక్కసారే, జూన్‌లో. దానికి కొట్లో కొన్న ద్రాక్షారసం పనికిరాదు. కొండమీది అడవి ద్రాక్ష సెప్టెంబరులో కోసి, డీకన్ తన ఇంట్లో పులియబెట్టి, జూన్ దాకా కాపాడాలి. అది పేరుకే పవిత్రం, గ్లాసుడు తాగితే సారాలాగే ఎక్కుతుంది. ఆస్బెర్రీ పోయిన దుఃఖంలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకు తట్టింది.

ఆగస్టులో, శనివారం సంఘ సమావేశంలో లేచి నిలబడ్డాను.

"ఆనవాయితీ ప్రకారం ద్రాక్షారసం పని డీకన్‌ది. బ్రదర్ హోబర్ట్ మీద మనందరికీ నమ్మకమే కదా?" అన్నాను తేనె పూసినట్టు.

మా సంఘపెద్ద ఎల్జీ తాత నన్ను కళ్ళద్దాల పైనుంచి చూశాడు. కానీ ఏమంటాడు? వద్దంటే హోబర్ట్ మారలేదన్నట్టు, అంటే దేవుడు మార్చలేకపోయాడన్నట్టు. మా సంఘంలో ఆ మాట అనగల మొనగాడు లేడు. "ఆమేన్" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. హోబర్ట్ కూడా అన్నాడు, కాస్త ఆలస్యంగా.

అలా, తాగుడు మానినవాడి ఇంటి నేలమాళిగలో పాతిక లీటర్ల జాడీ పెట్టించి, చేతులు దులుపుకుని ఇంటికొచ్చాను.

అతను ఆ పని శ్రద్ధగా చేశాడు. పులిసిందో లేదో నాలుక మీద వేసుకుంటేనే తెలుస్తుంది, అతనేమో వేసుకోడు. అందుకని భార్య వెర్డీని పిలిచేవాడు. ఆవిడ చెంచాడు చప్పరించి, వేపాకు నమిలినట్టు మొహం పెట్టేది. "ఛీ! ఈ పాడు నీళ్ళ కోసమా నువ్వు నా కాపురం అంత కాలం నాశనం చేసింది?" అని గదమాయించేది. వాగంతా ఈ మాట చెప్పుకుని నవ్వుకున్నాం.

ఫిబ్రవరిలో రంపం అడగాలన్న వంకతో వెళ్ళాను. కిందికి తీసుకెళ్ళి జాడీ చూపించాడు.

"నువ్వు రుచి చూడవా?" అన్నాను. "ప్రభువు పనే కదరా. ఒక చుక్కకి ఏమవుతుంది?"

ఆ మాట అన్న నోరు నాదే. ఇది రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

హోబర్ట్ నవ్వాడు. "ఒక చుక్క సంగతి నాకు తెలుసురా యాన్సెల్. అది చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని వస్తుంది."

ఏప్రిల్‌లో వాళ్ళ కూతురికి ఒహాయోలో పురుడు వచ్చి వెర్డీ వెళ్ళింది. మూడు వారాలు హోబర్ట్ ఒంటరి. రెండో వారం ఒకరోజు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా వాళ్ళింటికి నడిచాను. పలకరిద్దామని మా ఆవిడతో చెప్పాను. నిజానికి వాసన పట్టడానికి వెళ్ళాను. పడిపోయి ఉంటే చాలు, నేను చెప్పాల్సిన పని కూడా లేదు, వాగే చెప్పుకుంటుంది.

ఇంటి ముందు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కాళ్ళ మధ్య జాడీ. మూతికి కట్టిన గుడ్డ విప్పి ఉంది. పక్కన గ్లాసు, నిండుగా. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"వచ్చావా!" అన్నాడు. "ఇప్పుడే అడిగాన్రా. ఎవరినైనా పంపు ప్రభువా, లేకపోతే పోతాను అని. నీ దగ్గరికే వద్దామనుకున్నా. కాళ్ళు మెట్లు దిగలేదు."

"తాగావా?"

"ఇంకా లేదు. నువ్వు ప్రార్థన చెయ్యి. నాకు మాట రావట్లేదు."

నా ప్రార్థనలంటే సంఘంలో పేరు. పావుగంట ఆపకుండా చేయగలను. ఆ రోజు మోకాళ్ళ మీద కూర్చుని "పరలోకమందున్న తండ్రీ" అన్నాను, అక్కడే ఆగిపోయాను. ఏమని అడగను? ఇతన్ని పడగొట్టమని కోరుకున్నవాణ్ణి, నిలబెట్టమని ఏ మొహం పెట్టుకుని అడగను?

చివరికి అతనే చేశాడు. "ప్రభువా, ఈ పూట దాటించు. రేపటి సంగతి రేపు అడుగుతాను." అంతే ప్రార్థన. కాసేపటికి గ్లాసు తీసి మళ్ళీ జాడీలోకి ఒంపాడు. సగం మెట్ల మీదే పోయింది. "తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టు" అన్నాడు. తీసుకెళ్ళాను.

మే సమావేశంలో అతనే లేచాడు.

"నేను ఆ గుడ్డ మూడుసార్లు విప్పాను. మూడోసారి గ్లాసు పెదవి దాకా వచ్చింది. మీరు నన్ను నమ్మారు, కాదనడానికి సిగ్గేసి ఒప్పుకున్నాను. నేను బలవంతుణ్ణి కాదు. ప్రభువు బలవంతుడు. ఆయన్ని నమ్మండి, నన్ను మాత్రం ఆ జాడీతో వదిలెయ్యకండి."

ముసలివాళ్ళు తలలు వంచుకున్నారు. ఎల్జీ తాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ "తప్పు మాది నాయనా" అన్నాడు. హోబర్ట్ ఇంకా కూర్చోలేదు. "ఆ రోజు బ్రదర్ యాన్సెల్ రాకపోతే పోయేవాణ్ణి. దేవుడే పంపాడు" అన్నాడు. అందరూ నా వైపు తిరిగి ఆమేన్ అన్నారు. ఒకావిడ నా భుజం నిమిరింది. నేను నోరు విప్పలేదు.

జూన్‌లో రొట్టె, ద్రాక్షారసం అయ్యాక యేసు శిష్యులకు కడిగినట్టు ఒకరి పాదాలు ఒకరం కడిగే వేళ వచ్చింది. మగవాళ్ళం ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క, ఎవరు ఎవరి దగ్గరికైనా వెళ్ళొచ్చు. హోబర్ట్ నడుముకి తువ్వాలు కట్టుకుని, పళ్ళెంలో నీళ్ళతో తిన్నగా నా ముందుకొచ్చి మోకరించాడు. పాట హోరుగా సాగుతోంది. నా కాలు నీళ్ళలో పెట్టగానే ఇంక ఆగలేకపోయాను.

"దేవుడు పంపలేదురా" అన్నాను అతని చెవిలో. "పడిపోయావేమో చూద్దామని వచ్చాను. ఆగస్టులో నిన్ను ఇరికించింది కూడా కావాలనే."

అతను తల ఎత్తలేదు. వేళ్ళ మధ్య మెల్లగా కడుగుతూనే ఉన్నాడు.

"తెలుసు" అన్నాడు. "ఎవరినైనా పంపమనే అడిగాను. ఎలాంటివాణ్ణి పంపాలో చెప్పలేదు. ఆ కాలు కూడా ఇటియ్యి."

పాట ఆగింది. అందరూ ఏడుస్తూ కౌగిలించుకుంటున్నారు. లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. నేనూ ఏడ్చాను, నేనూ కౌగిలించుకున్నాను, చెప్పలేదు. ఏడాది తిరిగేసరికి నన్ను రెండో డీకన్‌ను చేశారు. జాడీ అప్పటినుంచి మా ఇంట్లోనే.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు, మొన్న అక్టోబరులో బొగ్గు ధూళి ఊపిరితిత్తుల్ని తినేసి పోయేదాకా, హోబర్ట్ చుక్క ముట్టలేదు. సమాధి దగ్గర సాక్ష్యం చెప్పమని నన్నే పిలిచారు, దేవుడు పంపిన మనిషిని కదా. అప్పుడు చెప్పాను. ఆగస్టు సంగతి, ఫిబ్రవరి సంగతి, ఏప్రిల్ సంగతి, ఒక్కటీ దాచలేదు. ఎవరూ ఆమేన్ అనలేదు.

తర్వాత వెర్డీ నా దగ్గరికొచ్చింది. చెంప పగలగొడుతుందనుకున్నాను, పగలగొడితే బాగుండుననుకున్నాను.

"నాకు చెప్పలేదు యాన్సెల్" అంది. "గురక దగ్గర్నుంచి గని దాకా అన్నీ చెప్పేవాడు. ఇది మాత్రం చెప్పలేదు. కడుపులో పెట్టుకుని ప్రతి ఆదివారం నిన్ను మా ఇంటికి భోజనానికి పిలిచాడు."

అంటే, నా పరువు పోతుందని నేను నోరు మూసుకున్న ఆ తొమ్మిదేళ్ళూ, నా పరువు పోకూడదని అతనూ నోరు మూసుకున్నాడు.